ఊపిరి జల్లెడ

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిసిన తరువాత. ఒత్తులు ఇప్పటికీ ఒకచోట పెట్టాల్సినవి ఇంకోచోట పెడతాను. ఒక పేజీ రాయడానికి పొయ్యి మీద పప్పు ఉడికి చల్లారేంత సేపు పడుతుంది. అచ్చు వేసేవాళ్లు తప్పులు దిద్దుతారనే ధైర్యంతో రాస్తున్నాను. ఒక్కటి మాత్రం దిద్దవద్దు. మా ఆయన పేరు ఈ కథలో ఎక్కడా ఉండదు. మరిచిపోయి వదిలేసింది కాదు. ఆ ఖాళీని పూడ్చవద్దని మనవి.

మాది బేతంచెర్ల వైపు. నాపరాళ్ల గని పక్కన గుడిసెల్లో ఉండేవాళ్లం. మా ఆయన, ఆయన తమ్ముడు మద్దిలేటి బండలు తీసేవాళ్లు. ఒకసారి గనిలో గోడ కూలి తోటి కూలీలు చనిపోతే, ఇక లోపలికి దిగేది లేదని అన్నదమ్ములిద్దరూ గుత్తేదారుకు ఎదురు తిరిగారు. ఆ వారంలోనే, చీకటి పడే వేళ, ఎవరో గుత్తేదారును గనిలోకి తోసేశారు. ప్రాణం పోయే ముందు ఆయన తన భార్యతో మావాళ్లిద్దరి పేర్లు చెప్పాడట.

ఆ సాయంత్రం మా ఆయన జ్వరంతో చాప మీద పడి ఉన్నాడు. మద్దిలేటి పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్నాడు. నేను గంజి కాస్తున్నాను. ఇదే పోలీసులకు చెప్పాను, కోర్టులో చెప్పాను. పెండ్లాం ఇంకేం చెబుతుందిలే అన్నారు. ఇద్దరికీ యావజ్జీవం పడింది. మా ఆయన జైల్లోనే పోయాడు. మద్దిలేటి ఇంకా లోపలే ఉన్నాడు.

తీర్పు అయిపోయిన తరువాత ఒక చదువుకునే అమ్మాయి వచ్చి, ఇలాంటి కేసుల్లో ఇరుపక్కల ఇళ్ల ఆడవాళ్లు చెప్పిందంతా రికార్డు చేసుకుంది. నా గొంతూ తీసుకుంది, గుత్తేదారు భార్య గొంతూ తీసుకుంది. ఆ గొంతులన్నీ నెట్‌లో ఒకచోట పెట్టారు. నేరాల మీద, తీర్పుల మీద పరిశోధన చేసేవాళ్లు అవి విని పుస్తకాలు రాసేవారట. నేను ఆ సంగతే మరిచిపోయాను. కర్నూలు చేరి జొన్నరొట్టెలు కాల్చి అమ్ముకుంటూ బతుకుతున్నాను.

ఆ తరువాతి సంవత్సరాల్లో యంత్రాలు మనుషుల్లాగే మాట్లాడటం నేర్చాయి. కేసు గెలవాలనుకున్నవాళ్లు లేని సాక్షులను పుట్టించారు. ఇవ్వని తీర్పులను ఇచ్చినట్టే పెట్టారు. చచ్చిపోయినవాళ్ల గొంతుతో నేరం ఒప్పించారు. నెట్‌లో ఏ గొంతు మనిషిదో, ఏది కట్టుకథో పెద్ద చదువులవాళ్లకు కూడా తెలియకుండా పోయింది. నిజమైనవాటిని ఏరడానికి కర్నూలు శివార్లలోని సాక్ష్య పరిశోధనా కేంద్రం వాళ్లు ఒక యంత్రం తయారుచేశారు. దాని పేరు జల్లెడ.

ఆ జల్లెడ దగ్గర పనిచేసే యశోధర ఒకరోజు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నంద్యాల పిల్ల. డాక్టరు చదువే గాని సూదులు వేసే డాక్టరు కాదు. నన్ను కేంద్రానికి తీసుకుపోయి ఒక మైకు ముందు కూర్చోబెట్టింది.

"పెద్దమ్మా, పొద్దున ఏం తిన్నావు? అబద్ధం చెప్పు చూద్దాం."

"పలావు తిన్నా పాపా. కోడికూర కూడా."

ఎదురుగా ఉన్న తెర ఎర్రబడింది.

"ఇప్పుడు నిజం చెప్పు."

"నిన్న మిగిలిన రొట్టె, ఎర్రకారం."

తెర పచ్చగా అయింది. నేను నోరు తెరిచి చూస్తుంటే యశోధర నవ్వింది.

"మాటల్ని పట్టించుకోదు పెద్దమ్మా ఇది. ఊపిరిని వింటుంది. యంత్రం చేసిన గొంతులకు ఊపిరే ఉండదు, అవి ముందే కింద రాలిపోతాయి. మనిషి అబద్ధం చెప్పాలంటే మాటను లోపల కట్టుకోవాలి. ఆ కట్టుకునే చోట ఊపిరి చిటికెడు సేపు ఆగుతుంది. మన చెవికి తెలియదు, దీనికి తెలుస్తుంది."

"అయితే దీన్ని పెండ్లిచూపులకు ఎత్తకపోవాల," అన్నాను.

యశోధర ఈసారి నవ్వలేదు. తెర మీద ఇంకో పేజీ తీసింది. అందులో నా పాత గొంతు ఉంది. దాని పక్కన ఎర్రటి చుక్క.

"పాత శిక్షలను మళ్లీ చూడటానికి ప్రభుత్వం ఒక సంఘం వేసింది. మద్దిలేటి అర్జీ కూడా అక్కడికి పోయింది. పచ్చచుక్క ఉన్న గొంతులనే వింటామని వాళ్లు నియమం పెట్టుకున్నారు. ఆయన తరఫున ఉన్నది నీ మాట ఒక్కటే పెద్దమ్మా. అదేమో ఎర్రగా వచ్చింది."

"నేను అబద్ధం చెప్పలా."

"అందుకే పిలిచినా. గుత్తేదారు భార్యది కూడా ఎర్రగానే వచ్చింది. ఇద్దరికీ ఎందుకు వచ్చిందో నాకు అంతుబట్టడం లేదు."

ఎర్రచుక్క పక్కన ఏదో రాసి ఉంది. ఏమని రాశారని అడిగితే, "నమ్మదగినది కాదు" అని చదివింది. ఎవరో చదివిపెడితే వినేది కాదు, ఆ మాటను నేనే చదవాలని అనిపించింది. మా కాలనీలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు చదువు చెప్పే బడి ఉంది. మరుసటి రోజే వెళ్లి కూర్చున్నాను. మొదట ఏ మాట రాయడం నేర్చుకుంటావని పంతులమ్మ అడిగింది. మా ఆయన ఓటరు కార్డు చేతికిచ్చి, ఈ పేరు అన్నాను. మా ఇళ్లల్లో ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు. అంటే ఆయుష్షు తగ్గుతుందంటారు. చేత్తో రాస్తే తగ్గుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. మా అమ్మకు, అవ్వకు రాయడం వస్తే గదా చెప్పడానికి.

ములాఖత్ రోజు జైలుకు మద్దిలేటిని చూడబోయాను. అక్కడ మధ్యలో అద్దం, అటొక ఫోను, ఇటొక ఫోను ఉంటాయి.

"ఏం వదినా, పలకా బలపం పట్టినావంట! ఇంగ కలెక్టరు అయితావా?" అన్నాడు. ముందరి పళ్లు పోయాయి. నవ్వితే మా మామ మాదిరే ఉన్నాడు.

"నీ మొగం. లోపల కూడా బడి ఉందంట గదా, నువ్వూ పోయి నేర్చుకో."

"నాకొద్దులే. చదువొచ్చినోళ్లు రాసిందాంతోనే గదా ఈడ కూర్చుండేది."

ఎర్రచుక్క సంగతి చెప్పాను. వాడు ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. తరువాత, "బయటికొస్తే నాకేం వద్దు వదినా. పెనం మీంచి తీసిన రొట్టె తీసినట్లే తినాల. ఈడ రొట్టె నీళ్లలో నానబెట్టినా మెత్తబడదు," అన్నాడు.

"పళ్లు లేవు గదరా."

"నీ రొట్టెకు పళ్లెందుకు?"

యశోధర నా గొంతును మళ్లీ మళ్లీ విని ఊపిరి ఆగిన చోటు పట్టుకుంది. ఆ రికార్డులో నన్ను, "ఆ సాయంత్రం ఇంట్లో ఎవరెవరు ఉన్నారో పేర్లతో చెప్పమ్మా," అని అడిగారు. మద్దిలేటి పేరు గబగబా చెప్పాను. మా ఆయన దగ్గరికి వచ్చేసరికి పేరు నాలుక మీదికి వచ్చింది. దాన్ని మింగేసి, "ఇంటాయన" అన్నాను. ఆ మింగిన చోటే జల్లెడ నన్ను పట్టుకుంది. యశోధర ఆ రోజు తన తల్లికి ఫోను చేసి, "అమ్మా, నాన్న పేరేంది?" అని అడిగిందట. ఆమె కాసేపు ఆగి, "నీకు తెలీదా ఏమే, పిచ్చిదానా!" అందట. ఆ ఆగడం వినగానే ఈ పిల్లకు అర్థమైంది. నెట్‌లో ఉన్న గొంతుల్లో మొగుళ్ల గురించి చెప్పిన మావంటి ఆడవాళ్లవి చాలావరకు అలాగే ఎర్రబడి ఉన్నాయి. అవి చూసుకుని పరిశోధకులు, ఈ పక్క ఆడవాళ్ల సాక్ష్యం నమ్మడానికి లేదని వ్యాసాలు కూడా రాసేశారు.

కేంద్రానికి పెద్ద చక్రపాణి సారు. మంచివాడే, తొందర ఎక్కువ.

"ఇంతేనా? మళ్లీ రికార్డు చేయండి. ఈసారి పేరు చెప్పేస్తే సరి. అయినా ఓబుళమ్మగారూ, ఆయన పోయారు కదా. ఇంకా తగ్గడానికి ఆయుష్షు ఎక్కడుంది?"

"సార్, ఇంట్లో అమ్మగారు మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తాదా?" అని అడిగాను.

"మా ఆవిడా? 'వినపడిందా' అంటుంది. మా పనమ్మాయి నా పేరు అదే అనుకుంటోంది."

అందరం నవ్వాం. తరువాత నన్ను మైకు ముందు కూర్చోబెట్టారు. ఎంత ప్రయత్నించినా పేరుకు బదులు మళ్లీ 'ఇంటాయన' అనే వచ్చింది. తెర ముందుకన్నా ఎర్రగా మండింది.

నేను మారేట్టు లేనని, జల్లెడకే నేర్పాలని యశోధర పట్టుబట్టింది. దానికి చాలా గొంతులు కావాలి. పేరు ముందు ఆగే ఊపిరి వినిపించాలి, ఆ వెంటనే పేరు కూడా చెప్పించాలి. అప్పుడు ఆ ఆగడం వెనుక ఉన్నది అబద్ధం కాదని దానికి తెలుస్తుంది. మా కాలనీ ఆడవాళ్లను పిలుచుకుపోయాను. ఆ రోజు కేంద్రంలో జాతర.

"ఏడు కొండల మీద ఉంటాడు సూడు, ఆయప్ప పేరే మా ఇంటాయనది. అర్థమాయనా?" అంది బాలనాగమ్మ.

"అర్థమైంది గాని, నువ్వు చెప్పాలి," అంది యశోధర.

"అర్థమైనంక మళ్లా చెప్పేదేందమ్మా!"

కొత్తగా పెండ్లయిన సరళ మైకు లాక్కుని, "మా ఆయన పేరు ప్రతాప్. తిక్క రేగితే ఒరే ప్రతాప్ అంటా," అంది. ముసలివాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. జల్లెడ మాత్రం పచ్చగా వెలిగింది. చివరికి ఒక్కొక్కరే లోపలికి పోయి, తలుపు వేసుకుని చెప్పి వచ్చారు. బాలనాగమ్మ బయటికి రాగానే కొంగుతో నోరు తుడుచుకుంది. ఎంగిలి పడినట్టు.

ఆఖరికి నేను పోయాను. గది చిన్నది, గోడలకు దూది లాంటిది అంటించారు. మాట అన్నా తిరిగి వినబడదు. కళ్లు మూసుకున్నాను. ఆయన జ్వరంతో పడుకున్న చాప గుర్తు చేసుకున్నాను. తడిగుడ్డ నుంచి నీళ్లు చెవిలోకి కారుతుంటే మద్దిలేటి తుడుస్తున్నాడు. అప్పుడు అన్నాను. ఆయన బతికి ఉండగా ఒక్కసారైనా ఆయనకు వినిపించని పేరును ఒక పెట్టెకు వినిపించాను. బయటికి వచ్చి చాలాసేపు మంచినీళ్లు తాగుతూనే ఉన్నాను.

జల్లెడ నేర్చుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ లోపల నేను కూడా గుణింతాలు దాటి ఒత్తుల దాకా వచ్చాను. ఒక పొద్దున రొట్టెలు చరుస్తుంటే యశోధర ఫోను చేసింది. పిండి చేతులతోనే ఆటో ఎక్కి పోయాను. నా గొంతు పక్కన పచ్చచుక్క ఉంది. దాని పక్కన రాసిన మాటను కూడబలుక్కుని నేనే చదివాను. న, మ్మ, ద, గి, న, ది. నమ్మదగినది.

ఇన్నేళ్లకు ఒకరు నన్ను నమ్మారు. అది మనిషి కాకపోతే ఏమి అనుకున్నాను. యశోధరను వాటేసుకుంటే ఆమె చొక్కా అంతా పిండి అయింది. కానీ ఆమె నన్ను తిరిగి పట్టుకోలేదు.

"కూర్చో పెద్దమ్మా."

కూర్చున్నాను.

"గుత్తేదారు భార్యది కూడా పచ్చబడింది."

నాకు వెంటనే తలకెక్కలేదు. యశోధర మెల్లగా విడమరిచి చెప్పింది. ఆమెకు కూడా మొగుడి పేరు అనే అలవాటు లేదు. ఆమె గొంతు ఎర్రబడిందీ ఆ కారణానే. నా ఊపిరిని అర్థం చేసుకోవడం నేర్చిన జల్లెడ ఆమె ఊపిరిని కూడా అర్థం చేసుకుంది.

"అంటే ఆమె అబద్ధం చెప్పలేదనా?"

"లేదు. ఆయన వాళ్ల పేర్లు చెప్పినాడనేది నిజం. ఆ చీకట్లో తోసింది వాళ్లేనని ఆయన అనుకున్నాడేమో. ఆమె విన్నది విన్నట్టు చెప్పింది. జల్లెడకు తెలిసేది అంతవరకే పెద్దమ్మా. చెప్పే మనిషి తన మాటను నమ్ముతోందా లేదా అనేదే. జరిగింది ఏంటో దానికి తెలియదు."

"ఇప్పుడేమైతాది?"

"రెండు పచ్చ గొంతులు ఎదురెదురుగా నిలబడితే, రెంటినీ బూడిదరంగులో పెట్టాలి. అది మా నియమమే. సంఘం వాళ్లు బూడిదరంగును ముట్టరు. ఇంకేదైనా సాక్ష్యం దొరికేదాకా పక్కన పెడతారు."

ఇంకే సాక్ష్యం దొరుకుతుంది? ఆ గనిలో నీళ్లు నిండి ఎన్నో ఏళ్లయింది. గుడిసెలు లేవు. మా ఆయన లేడు.

అప్పుడు నేను ఆమె చేయి పట్టుకున్నాను. "పాపా, దానికి నేర్పిన ఈ కొత్త చదువును ఇంకా ఊరందరి ముందూ పెట్టలేదంటివి గదా. ఆమె పేజీ ఒక్కటి పాతదాని మాదిరే ఉంచు. ఎర్రగానే ఉండనీ. ఎవరు చూస్తారు? మద్దిలేటి నోట్లో పళ్లు కూడా లేవు పాపా."

యశోధర చేయి లాక్కోలేదు. కళ్ల నిండా నీళ్లు పెట్టుకుంది. "నేను చేస్తే చేయొచ్చు. కానీ ఒకరి కోసం ఒక గొంతును ఎర్రగా ఉంచితే, రేపు ఇంకొకరు ఇంకో గొంతును ఉంచుతారు. అప్పుడు నీ పచ్చచుక్కను కూడా ఎవరూ నమ్మరు," అంది.

"నమ్మకపోతే పోనీ. వాడు బయటికొస్తాడు గదా."

ఆమె చెవులకు పెట్టుకునేది నా తలకు తొడిగింది. గుత్తేదారు భార్య గొంతు వినిపించింది. కోర్టులో ఆమెను చూశాను గాని, నాకప్పుడు ఆమె మాటలు వినే మనసు లేదు. ఇప్పుడు విన్నాను. కింది నుంచి పైకి తెచ్చి బండ మీద పడుకోబెట్టారని, నీళ్లు తాగించబోతే తాగలేదని చెబుతోంది. "చనిపోయింది ఎవరో పేరు చెప్పమ్మా," అని రికార్డు చేసే అమ్మాయి అడిగింది. ఆమె ఆగింది. నాకు యంత్రం అవసరం లేకపోయింది. ఆ పేరు ఆమె నాలుక దాకా రావడం, ఆమె దాన్ని మింగడం నాకు తెలిసింది. తరువాత సన్నగా, "మా పిల్లల నాయన," అంది.

చెవుల నుంచి దాన్ని తీసి బల్ల మీద పెట్టాను. పేజీ సంగతి యశోధరను మళ్లీ అడగలేదు.

మద్దిలేటికి చెప్పాల్సింది నేనే. అద్దానికి ఇవతల కూర్చుని అంతా చెప్పాను. వాడు ఫోను చెవికి ఆనించుకుని, కిందికి చూస్తూ విన్నాడు.

"అయితే ఇంగ రొట్టె లేనట్లే," అన్నాడు చివరికి.

"ఇంకో అర్జీ పెడదామంటాంది యశోధర."

"పెట్టనీలే, పాపం." తల ఎత్తాడు. "ఆయమ్మది అబద్ధం కాదంటావా వదినా?"

"కాదు."

"ఇన్నేండ్లు ఆయమ్మను తిట్టుకుంటానే నిద్రపోయినా. ఇంగ ఎవురిని తిట్టుకోవాల?"

అద్దం మీద చేయి పెట్టాను. వాడు అటు పెట్టాడు.

"అన్న పేరు చెప్పినానంటివి గదా. ఆ పెట్టెకు."

తల ఊపాను.

"ఆ పేరు విని ఎంత కాలమాయనో. ఈడ అన్నతో ఉన్నోళ్లందరూ పోయిరి. నాకు నేను అనుకుంటే ఏదో మాదిరి ఉంటాది. ఒకసారి చెప్పు వదినా. నేనూ ఇంటా."

చెప్పాలనే నోరు తెరిచాను. పేరు నాలుక మీదికి వచ్చింది. ఊపిరి ఆగింది. పెట్టె ముందు వచ్చిన మాట మనిషి ముందు రాలేదు. వాడు అద్దం అవతల చెవి రిక్కించి ఎదురుచూస్తున్నాడు.

ఫోను పక్కన పెట్టి అద్దానికి దగ్గరగా జరిగాను. లోపల ఆగిన ఊపిరినంతా దాని మీదికి వదిలాను. అద్దం మసకబారింది. ఆ మసకలో వేలితో ఆయన పేరు రాశాను. ఒత్తు సరిగ్గానే పెట్టాను.

మద్దిలేటి ఆ అక్షరాల వంక అడ్డంగా తల తిప్పి చూశాడు. వాడికి చదువు రాదు. వస్తే మాత్రం ఏమి, అటు నుంచి అవి తిరగబడి కనిపిస్తాయి. చూస్తుండగానే మసక అంచుల నుంచి విడిపోయి, పేరు చెరిగిపోయింది.

వాడు ఫోను చూపించాడు. నేను తీసి చెవికి పెట్టుకున్నాను.

"అన్న పేరే గదా అది?"

తల ఊపాను.

"మళ్లా ఊదు వదినా."

మళ్లీ ఊదాను. వేలు పోయిన దారిలో అక్షరాలన్నీ తిరిగి వచ్చాయి. వాడు అటు నుంచి వాటి మీద వేలు పెట్టి, ఒక్కో గీతా వెంబడి పోతూ, లోలోపల పెదవులు కదిపాడు. అవి కూడా చెరిగిపోయాయి. మళ్లీ ఊదాను. గంట కొట్టేదాకా ఊదుతూనే ఉన్నాను.

వాడిని లోపలికి తీసుకుపోయారు. తరువాతి వాళ్లను కూర్చోబెట్టడానికి కావలిమనిషి తడిగుడ్డ తెచ్చి అద్దం తుడిచేశాడు.

వడ్డె ఓబుళమ్మ, వయసు అరవై ఏడు. ప్రస్తుతం కర్నూలులో, తుంగభద్ర ఒడ్డు కాలనీలో, రొట్టెల అంగడి వెనుక గదిలో ఉంటున్నాను.